‘లేదు’ అని రాసిన చీటీ

పక్కింట్లో కాయం వండుతున్నారు. నందిగామలో మేముండే వీధిలో గోడలు ఆనుకునే ఉంటాయి కాబట్టి ఒకరి పొయ్యి మీద ఏముందో మిగతా నాలుగిళ్ళకూ తెలిసిపోతుంది. శొంఠి, పిప్పళ్ళు, వాము దోరగా వేగి, బెల్లం పాకంలో పడి, నువ్వులనూనెతో కలిసి దగ్గరపడుతున్న ఘాటు వాసన. ఆ ఇంట్లో పురుడు వచ్చిందన్నమాట. బాలింతకు రోజూ పొద్దున్నే ఉసిరికాయంత ఉండ చేసి మింగించే ఆ మందు నేనూ తిన్నాను, ఇద్దరు పిల్లలకు రెండు సార్లు. అయినా ఆ వాసన తగిలితే నాకు నా కాన్పులు గుర్తుకు రావు. దయామణి గారు గుర్తుకొస్తారు. నవ్వొస్తుంది, ఆ వెంటనే కాస్త సిగ్గు కూడా వేస్తుంది.

దయామణి గారు నాకు మొదటి పై అధికారి. జగ్గయ్యపేటకు దగ్గర్లో ఒక ఊరి ఆరోగ్య కేంద్రంలో ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్. నేను కోర్సు పూర్తి చేసి, కాంట్రాక్టు ఉద్యోగంలో ఆవిడ కింద చేరాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు, తెలియనిదేదీ లేదన్న ధీమా. ఆవిడకు యాభై దాటాయి. బొద్దుగా ఉండేవారు, గొంతు పెద్దది. మైక్రోస్కోపులో చూసేటప్పుడు కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టుకుని, చూడడం అయ్యాక గది అంతా దాని కోసం వెతికేవారు. నెత్తి మీదే ఉందని చెబితే, “చెప్పవే మరి ఇందాకట్నుంచీ, వేడుక చూస్తున్నావా” అని నన్నే అనేవారు. ఆవిడ తల్లి ఆ చుట్టుపక్కల చేలల్లో మిరప కోతలకు వెళ్ళి కూతుర్ని చదివించింది. ఆ సంగతి దయామణి గారు గొప్పగానూ చెప్పేవారు కాదు, దాచేవారూ కాదు.

చేరిన రోజే నా ముందు ఒక గిన్నె, ఒక మూత పెట్టారు. గిన్నెలో పది చింతగింజలు. మైక్రోస్కోపులో ఒక్కసారికి కంటికి ఆనే గుండ్రటి మేరను మేము ఫీల్డు అంటాం. రక్తపు చుక్క పూసిన స్లైడును కొద్దికొద్దిగా జరుపుతూ ఒక్కొక్క ఫీల్డూ చూసుకుంటూ పోవాలి. పది ఫీల్డులు కాగానే ఒక గింజ గిన్నెలోంచి మూతలోకి వెళ్ళాలి. మలేరియా క్రిమి మొదటి ఫీల్డులోనే కనిపిస్తే ‘ఉంది’ అని రాసేయొచ్చు. కనిపించకపోతే మాత్రం పది గింజలూ మూతలోకి చేరేదాకా ‘లేదు’ అని రాయకూడదు.

“అంటే వంద చూడాలా మేడం? ప్రతి స్లైడుకీనా?” అన్నాను.

“మరి? ఉందని చెప్పడానికి ఒకటి చాలు. లేదని చెప్పాలంటే ఇల్లంతా వెతకాలిగా. నీ గాజు పోతే ఎన్ని గదులు చూస్తావు?”

నాకు ఆ చింతగింజల వ్యవహారం చాదస్తంగా తోచింది. లెక్క నోట్లోనే ఉంటుంది, దానికి గింజలెందుకు అనుకునేదాన్ని. ఆవిడ పక్కన ఉన్నంతసేపూ గింజలు జరిపేదాన్ని, బయటికి వెళ్తే గిన్నెను పక్కకు జరిపేదాన్ని. ఆవిడకు తెలుసో తెలియదో గాని ఎప్పుడూ ఏమీ అనలేదు.

రెండో ఏడు వర్షాకాలం గట్టిగా పట్టింది. ప్రత్తి చేలలో నీళ్ళు నిలిచాయి, ఊళ్ళో ఇంటికొకరు మూలుగుతున్నారు. పది నిమిషాల్లో ఫలితం చెప్పే కిట్లు ఆ వారం అయిపోయి, అంతా స్లైడుల మీదే నడుస్తోంది. సరిగ్గా అప్పుడే మైలవరంలో ఆవిడ చెల్లెలి కూతురి పెళ్ళి వచ్చింది. మూడు రోజులు సెలవు పెట్టి వెళ్తూ, “ఒక్కదానివే చేసుకోగలవా వాణీ” అని అడిగారు. “మీరు నిశ్చింతగా వెళ్ళి రండి మేడం” అన్నాను, ఆవిడ కుర్చీలో కూర్చోవాలని ఎప్పట్నుంచో ఉన్న ఉబలాటంతో.

ఆ మూడు రోజుల్లో వచ్చిన స్లైడుల్లో శిరీషది ఒకటి. ఆ అమ్మాయి అత్తవారిది కంచికచర్ల. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మా ఆరోగ్య కేంద్రం ఉన్న ఊళ్ళోనే ఆ పుట్టిల్లు, మోతుబరి రైతుల ఇల్లు. జగ్గయ్యపేటలో కాన్పయింది, ఆడపిల్ల. ఇంటికి తీసుకొచ్చిన రెండో రోజున ఎముకలు కొరికే చలితో జ్వరం మొదలైంది. ఆశా కార్యకర్త వెళ్ళి రక్తం తీసి స్లైడు పట్టుకొచ్చింది. అప్పటికి మధ్యాహ్నం రెండున్నర, నేనింకా అన్నం తినలేదు, ముందు ఇంకో పదిహేను స్లైడులున్నాయి. చూశాను. శుభ్రంగా కనిపించింది. చీటీ మీద ‘లేదు’ అని రాసి, సంతకం పెట్టి, ఆ ఆశా చేతికే ఇచ్చి పంపాను. మలేరియా కాకపోతే ఇంకేమిటో చూడాలి, బాలింతను ఆసుపత్రికి తీసుకురమ్మని డాక్టరు గారు కబురు చేశారు. పురిటి రోజులు వెళ్ళకుండా గడప దాటించం అని ఆ ఇంటివాళ్ళు తిరుగు కబురు పంపారు.

దయామణి గారు పెళ్ళి నుంచి వచ్చి, అరిసెల పొట్లం నా బల్ల మీద పెట్టి, నేను చూసేసిన స్లైడుల పెట్టె ముందేసుకున్నారు. అది ఆవిడ అలవాటు, ఎవరు చూసినవైనా కొన్ని మళ్ళీ చూస్తారు. నేను అరిసె తింటూ పెళ్ళి కబుర్లు అడుగుతున్నాను. చెబుతూ చెబుతూ ఆవిడ ఆగిపోయారు. కాసేపటికి లేచి కుర్చీ నాకిచ్చారు.

“కూర్చో. నేనేం చెప్పను. నువ్వే చూడు.”

చూశాను. ఫీల్డు మధ్యలో, నీలం రంగు ఉంగరానికి ఎర్రటి రాయి పొదిగినట్టు, మలేరియా క్రిమి. స్లైడు అంచున శిరీష పేరు నా చేతిరాతతోనే ఉంది. నోట్లో అరిసె ముక్క అలాగే ఉండిపోయింది.

“ఎన్ని చూసావు?” అన్నారు.

“వంద” అన్నాను.

ఆవిడ గిన్నెలోంచి చింతగింజలు ఒక్కొక్కటీ తీసి బల్ల మీద వరసగా పెట్టడం మొదలుపెట్టారు. నాలుగోది పెట్టబోతుంటే “ముప్పై మేడం” అన్నాను.

“హమ్మయ్య” అన్నారు ఆవిడ, నిజంగానే తేలికపడ్డట్టు. “నాకు ఎనభై నాలుగులో కనపడింది. వంద చూసి కూడా నీకు కనపడలేదంటే నీ కళ్ళకి వైద్యం చేయించాలి. ముప్పై అయితే బుద్ధికి చేయిస్తే చాలు. స్కూటీ తాళాలు తీసుకో.”

డాక్టరు గారికి సంగతి చెప్పి మాత్రలు రాయించుకున్నాం. నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. మాత్రలు ఆశా చేత పంపిద్దాం మేడం, ఫోను చేసి చెబుదాం మేడం అని రెండు మూడు రకాలుగా బతిమాలాను. “మాత్రలు ఎవరు పట్టుకెళ్ళినా పని చేస్తాయి” అన్నారు ఆవిడ, కొంగు నడుముకు చుట్టుకుంటూ. “నీ పని నువ్వే పట్టుకెళ్ళాలి. ఎక్కు.”

ఆ ఇంటి వరండాలో శిరీష తండ్రి పేపరు చదువుకుంటున్నాడు. గుమ్మంలో అమ్మమ్మ, రత్తమ్మ గారు, పీట వేసుకుని కూర్చుని ఉంది. ఎనభై ఏళ్ళావిడ, ఇంటి పెత్తనం ఇంకా ఆవిడదే. లోపలి నుంచి సాంబ్రాణి పొగ, దాంతో కలిసి ఈ కాయం వాసన. దయామణి గారు ఎన్నో ఏళ్ళుగా ఆ ఇంటికి జ్వరాల పనిమీద వస్తూనే ఉన్నారు గాని, వరండా దాటి లోపలికి రమ్మని ఎవరూ అన్నది లేదట. ఆ రోజూ రత్తమ్మ గారు చెయ్యి అడ్డం పెట్టింది.

“ఆగు దయామణీ. పురిటి మైల. లోపలికొచ్చి తాకితే తల మీద నీళ్ళు పోసుకోవాల.”

“మైల మీకు కదండీ పెద్దమ్మ గారూ, మాకా పట్టింపు లేదు” అన్నారు దయామణి గారు, ఎంతో మర్యాదగా. “మీరేం ఇబ్బంది పడకండి. నేను తాకుతాలెండి. చేతులు కడుక్కోడానికి చెంబుడు నీళ్ళిప్పించండి.”

వరండాలో పేపరు వెనక నుంచి ఒక దగ్గు వినిపించింది. అది నవ్వేనని నా అనుమానం. చెంబుతో నీళ్ళు వచ్చాయి. ఆవిడ మోచేతుల దాకా కడుక్కుని, నన్నూ కడుక్కోమని, ఆ ఇంటి గడప అంత సులువుగా దాటేశారు.

లోపల నులక మంచం మీద శిరీష. తలకు గుడ్డ, చెవుల్లో దూది, పెదాలు పాలిపోయి ఉన్నాయి. బిడ్డ పక్కలో లేదు. గదికి అవతలి చివర శిరీష వాళ్ళమ్మ ఒళ్ళో ఉంది, ఆవిడ చేతిలో పాలసీసా. నాకది అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది.

“పాలివ్వట్లేదా?” అని అడిగారు దయామణి గారు.

“ఏం ఇస్తదండీ” అంది శిరీష తల్లి. ఆవిడకు కోపం కంటే ఏడుపే ఎక్కువగా ఉంది. “ఆసుపత్రిలో పచ్చి బాలింత, మూడో రోజున చల్లటి జ్యూసు తాగింది. సీసాడు. అల్లుడు గారు తెచ్చిచ్చారంట, ఈవిడ తాగిందంట. రోజు విడిచి రోజు మంచం ఎగిరిపోయేట్టు వణుకుతుంటే అప్పుడు చెప్పింది. మలేరియా ఏమో అనుకున్నాం. లేదని మీరే చీటీ ఇచ్చారుగా. ఇంకేంటి మరి, జ్యూసే. జ్వరప్పాలు పిల్లకి పడవని మాన్పించా.”

“నాదే తప్పు మేడం” అంది శిరీష మంచం మీద నుంచి, గోడ వైపు చూస్తూ. “దాహమేసింది. వీళ్ళు నీళ్ళు గుక్కెడే ఇస్తున్నారు. ఆయన్ని నేనే అడిగా.” ఆ అల్లుడు మొన్న చూడ్డానికి వస్తే కాఫీ కూడా ఇవ్వకుండా పంపారని తరువాత తెలిసింది. రొమ్ములు గడ్డకట్టి ఆ అమ్మాయి ఇటు తిరగలేక అటు తిరగలేక పడుకుని ఉంది. అంతా మూడు చింతగింజల దగ్గర ఆపేసిన నా పని.

దయామణి గారు నా వైపు చూడలేదు, మోచేత్తో పొడవనూ లేదు. ఊరికే పక్కకు జరిగి నాకు చోటిచ్చారు. “అమ్మా, ఆ చీటీ నేను రాసిందండి” అన్నాను. “సరిగ్గా చూడకుండా రాసా. వంద చోట్ల చూడాలి, ముప్పై చూసి లేదని రాసేసా. తనకి మలేరియా ఉందండి. జ్వరం దానిది.”

గుమ్మంలోంచి రత్తమ్మ గారి గొంతు వచ్చింది.

“అయితే జ్యూసు కాదా?”

“కాదండి.”

“చల్లది తాగితే రాదా?”

“దోమ కుడితే వస్తుందండి. జ్యూసుకి రాదండి.”

శిరీష ఇటు తిరిగింది. చెవుల్లోంచి దూది తీసేసి, “ఇంకోసారి చెప్పండి” అంది. చెప్పాను. ఆ పిల్ల దుప్పటి మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. “తప్పు మా ఇద్దరిదీ అండీ” అన్నారు దయామణి గారు తల్లితో. అని, అక్కడితో ఆ మాట వదిలేసి పనిలో పడ్డారు. గదిలోంచి అందర్నీ పంపించి, శిరీష పక్కన మంచం పట్టె మీద కూర్చుని మెల్లగా అడిగారు.

“కడుపుతో ఉండగా ఎప్పుడైనా ఇట్టాంటి చలి జ్వరం వచ్చిందా అమ్మా?”

శిరీష గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. “ఆరో నెల్లో వచ్చిందండి. మలేరియా అనే చెప్పారు. మందులేసుకుంటే తగ్గిపోయింది. ‘మీ వాళ్ళకి చెప్పొద్దు, పిల్లని సరిగ్గా చూసుకోలేదంటారు’ అన్నారు అత్తయ్య. ఆవిడ మంచిదేనండి, పాపం, భయపడింది. వైద్యం కార్డు కూడా అక్కడే ఉంచేసా.”

అత్తవారి పరువు కాపాడ్డానికి కోడలు దాచిన జ్వరం, పుట్టింటికొచ్చి జ్యూసు నెత్తిన పడిందన్నమాట. దయామణి గారు ఆ మాట అనలేదు. అత్తగారి పేరెత్తకుండా, కడుపుతో ఉన్నప్పుడు వచ్చిందే తిరగబెట్టిందని మాత్రం బయట చెప్పారు. రత్తమ్మ గారు ఊరుకునే మనిషి కాదు. “మందేసి తగ్గాక మళ్ళీ ఎట్టా వస్తది?” అని నిలదీసింది.

“ఈ రకం క్రిమి ఇల్లరికపు అల్లుడండీ” అన్నారు దయామణి గారు. “మందేస్తే ఒంట్లోంచి పోయినట్టే పోద్ది. పోయి కాలేయంలో మంచం వేసుకుని పడుకుంటది. బుద్ధి పుట్టినప్పుడు లేచొస్తది. దాన్ని సాంతం లేపి పంపే మాత్రలున్నాయి గాని కడుపుతో ఉన్నప్పుడు ఇవ్వరు, పసిబిడ్డ పాలు తాగేటప్పుడూ ఇవ్వరు. బిడ్డ కాస్త పెద్దయ్యాక పరీక్ష చేసి డాక్టరు గారే ఇస్తారు. ఇప్పుడు తెచ్చినవి వేరు, వీటికీ పాలకీ సంబంధం లేదు. పాలలో దోమ విషం రాదు. ఇవ్వొచ్చు.”

శిరీష తండ్రి ఆ ఇంటికి ఇల్లరికం వచ్చినవాడేనని ఊరందరికీ తెలుసు. పేపరు ఈసారి మొహం మీదికి పూర్తిగా లేచింది. రత్తమ్మ గారు అల్లుడి వైపు చూసింది, దయామణి గారి వైపు చూసింది, పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. “ఎంతకీ లేవడు, నిజమే” అంది. ఇల్లంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. మొదటి మోతాదు మాత్రలు మా ఎదుటే వేయించాం.

అయితే అసలు భయం అప్పుడే వచ్చింది. తల్లికి ఉంటే పుట్టేటప్పుడే బిడ్డకూ సోకే అవకాశం ఉంటుంది, అరుదుగానే అయినా. దయామణి గారు ఆ పసిగుడ్డు పాదాన్ని అరచేతిలో వెచ్చబరిచి, మడమ దగ్గర సూది గుచ్చి, ఒక చుక్క స్లైడు మీదికి తీశారు. బిడ్డ ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. శిరీష మంచం మీద నుంచి రెండు చేతులూ చాపింది. వాళ్ళమ్మ ఒక్క క్షణం తటపటాయించి, పాలసీసా కింద పెట్టి, బిడ్డను తెచ్చి ఇచ్చింది. మేము గుమ్మం దాటేసరికి ఏడుపు ఆగిపోయింది.

ఆరోగ్య కేంద్రానికి వచ్చి, రంగు వేసి ఆరబెట్టాక, దయామణి గారు ఆ స్లైడు నా ముందు పెట్టారు.

“మేడం, ఇది మీరే చూడండి” అన్నాను.

“నేనూ చూస్తా. ముందు నువ్వు చూసి రాయి.”

గింజ తర్వాత గింజ జరిపాను. పది అయ్యాయి. గింజలన్నీ మళ్ళీ గిన్నెలో పోసుకుని ఇంకో వంద చూశాను. నా వేళ్ళు నొప్పిపుట్టాయి, కంట్లో నీళ్ళు తిరిగాయి, రెండుసార్లు రంగు మరకను చూసి క్రిమే అనుకున్నాను. లేదు. ఆ బిడ్డ రక్తంలో ఎక్కడా లేదు. చీటీ మీద ఆ రెండక్షరాలు రాయడానికి ఎంత సేపు పట్టిందో చెప్పలేను. దయామణి గారు నా వెనక కూర్చుని వంద చూసి, “నాకూ లేదు” అని, కళ్ళజోడు కోసం బల్ల కింద వెతికారు. ఆ చీటీ కూడా నేనే పట్టుకెళ్ళి ఇచ్చాను. రత్తమ్మ గారు నన్ను కూర్చోబెట్టి, మొహమాటపడకుండా తినమని కాయం ఉండ ఒకటి చేతిలో పెట్టింది. బాలింతను కానని చెప్పినా వినలేదు.

మర్నాడు సాయంత్రం గరికపాడు చెక్‌పోస్టు వైపు పనుండి వెళ్ళి, లారీల మధ్య ఒక ధాబాలో టీ తాగాం. నేనింకా అదే తలుచుకుంటున్నానని ఆవిడకు తెలిసింది.

“జ్వరం తగ్గిపోద్దిలే వాణీ” అన్నారు. “మనం కాకపోతే ఇంకొకళ్ళు కనిపెడతారు. కానీ జ్యూసు తాగి పిల్ల నోటికాడి పాలు పోగొట్టిందన్న మాట ఉంది చూడు, అది ఆ అమ్మాయికి బతికున్నన్నాళ్ళూ పోదు. మనం లేదని రాసామంటే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు, ఏదో ఒక కారణం వెతుక్కుంటారు. వెతికితే దొరికేది ఎప్పుడూ ఆ మంచం మీద ఉన్నదే. అందుకే నిన్ను తీసుకెళ్ళా. మాత్రలు ఆ మాటని తగ్గించలేవు.”

ఆ వారమే ఆవిడ ఒక పొడుగు పుస్తకం తెరిచారు. మా దగ్గర మలేరియా తేలిన ప్రతి గర్భిణినీ పుట్టిల్లు ఎక్కడ, ఏ నెలలో వెళ్తావు, అక్కడి ఫోను నంబరేది అని అడిగి అందులో రాసేవారు. వెళ్ళే నెల రాగానే అక్కడి ఆశాకు ఫోను. కొందరు అత్తగార్లు నొచ్చుకునేవారు. “మీ కోడల్ని మీరు గొప్పగా చూసుకున్నారనే చెబుతానండీ, మందు సంగతొక్కటి కలిపి చెబుతా” అని ఒప్పించేవారు. నేను నందిగామకు బదిలీ మీద వచ్చినప్పుడు అలాంటి పుస్తకమే ఒకటి నాకూ గీతలు గీసి ఇచ్చారు. అది నిండిపోయి మూడోది నడుస్తోంది.

ఆవిడ రిటైరై జగ్గయ్యపేటలో ఉంటున్నారు. చర్చి పాటల గుంపులో పాడుతున్నారు, ఆ గొంతుకు మైకు అవసరం లేదని అందరూ అంటారు.

పోయిన నెల నేను మళ్ళీ ఒక పొరపాటు చేశాను. ఒకే పేరున్న ఇద్దరు గర్భిణుల రక్తహీనత పరీక్షల చీటీలు తారుమారు చేశాను. పెద్ద ప్రమాదమేమీ జరగలేదు గాని, పరిటాలలో ఒక పిల్ల తనకు రక్తం బాగా ఉందనుకుని మాత్రలు మానేసింది. ఫోను చేసి చెబితే సరిపోయేదే. బండి వేసుకుని వెళ్ళాను. ఆ ఇంటి ముందు దిగాక గేటు తీయడానికి భయమేసింది. ఇన్నేళ్ళ ఉద్యోగం, ఇద్దరు పిల్లల తల్లిని, ఇంకా ఇదేమిటని నా మీద నాకే విసుగొచ్చింది. గేటు బయటే నిలబడి దయామణి గారికి ఫోను చేశాను. సంగతి చెప్పి, “ఇది ఎప్పటికీ పోదా మేడం? మీకైతే అసలు భయమే ఉండేది కాదు” అన్నాను.

అవతలి నుంచి ఆ పెద్ద గొంతు, నేనెప్పుడూ విననంత చిన్నగా వచ్చింది.

“రత్తమ్మ గారింట్లో ఆ రోజు నీకంటే నాకే ఎక్కువ వణికింది వాణీ. నువ్వు గిన్నె పక్కన పెట్టేస్తున్నావని నాకు ముందే తెలుసు. తెలిసీ, పెళ్ళికి పోవాలన్న ఉబలాటంలో నిన్ను వదిలిపెట్టి వెళ్ళా. నీ తప్పు నువ్వు చెప్పావు. నాది నేను ఇద్దరిదీ అని కలిపేసి తప్పించుకున్నా. ఇన్నాళ్ళకి నీకు చెబుతున్నా. పో, లోపలికెళ్ళు. ఎండలో నిలబడకు.”

ఫోను సంచిలో పెట్టుకుని, గేటు తీసుకుని, ఆ పిల్లను పేరు పెట్టి పిలిచాను.